బావ మింగేసిన మాట

శ్రీకాకుళంలో నేను పనిచేసే కాలేజీలో గ్రీకు ట్రాజెడీ పాఠం ఎప్పటినుంచో నా వంతే. మిగతావాళ్లు నవలలు పట్టుకుపోయారు, కవిత్వం పట్టుకుపోయారు, ఇది మాత్రం నాకు మిగిలింది. ట్రాజిక్ హీరో గొప్పవాడై ఉండాలి, మంచివాడై ఉండాలి, అయినా ఏదో ఒకచోట తప్పటడుగు వేయాలి. ఆ తప్పటడుగు పేరు హమార్షియా. అతన్ని అటు నెట్టే గర్వం పేరు హ్యూబ్రిస్. అతను ఒకటి తలిస్తే కథ అటునుంచి ఇటు తిరగాలి, అసలు సంగతి అతనికి ఆలస్యంగా తెలిసిరావాలి, చూస్తున్న మనకి భయమూ జాలీ కలిగి మనసు తేలికపడాలి. ఇదంతా బోర్డు మీద రాసేదాన్ని. పిల్లలు రాసుకునేవారు. అందరం మా మా పనులు చేశామని సంతృప్తిగా ఉండేవాళ్లం.

ఒక ఏడు పరీక్షలో ఒకమ్మాయి, రోజూ ముందు బెంచీలో కూర్చునే శ్రద్ధగల పిల్లే, ఇలా రాసింది: "హమార్షియా రాజుగారి భార్య. ఆవిడ వల్లనే రాజు నాశనమైపోయెను."

స్టాఫ్ రూములో ఆ కాగితం చదివి వినిపిస్తే అందరూ కళ్లనీళ్లు వచ్చేలా నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికి వెళ్లే ఆటోలో మాత్రం నవ్వు ఆగిపోయింది. ఇన్నేళ్లు చెప్పిన పాఠం చివరికి ఒక ఆడమనిషి మీదికి పోయిందే అనిపించింది. ఆడి చూపిస్తే తప్ప వీళ్లకి ఇది ఎక్కదు అనుకున్నాను. కాలేజీ వార్షికోత్సవానికి గ్రీకు పద్ధతిలో ఒక నాటకం వేస్తామని ప్రిన్సిపాల్‌గారికి చెప్పాను. "గ్రీకు బట్టలు ఎక్కడినుంచి తెస్తారమ్మా?" అని ఆయన కంగారుపడ్డారు. దుప్పట్లు కట్టుకుంటామన్నాను. ఒప్పుకున్నారు.

నాటకం నేనే రాశాను. కథ కోసం ఎక్కువ దూరం పోనక్కర్లేకపోయింది. విజయనగరంలో మా అక్క ఇంటిదాకా వెళితే చాలు.

మా అక్క భర్త మాకు మేనత్త కొడుకే. సిమెంటు, ఇనుము అమ్మే దుకాణం ఉంది. మనిషి ఎత్తరి, గొంతు మనిషికన్నా ఎత్తు. కుర్రతనంలో పౌరాణిక నాటకాల్లో రాజు వేషాలు వేశాడు. మంత్రి వేషం ఇస్తామంటే ఇంటికి వచ్చేసేవాడట. చాలా మంచివాడు. ఎవరింట్లో చావైనా, పెళ్లైనా అందరికంటే ముందు నిలబడి, ఆఖరున భోంచేసే మనిషి. ఆయన నోటినుంచి రాని మాట ఒక్కటే: "తప్పు నాది."

ఒకసారి బంధువుల పెళ్లికి మమ్మల్నందర్నీ కారులో ఎక్కించుకుని వెళ్లి, దారి అడగడం ఇష్టం లేక వేరే ఊళ్లో వేరేవాళ్ల పెళ్లికి తీసుకెళ్లాడు. మేము ఉప్మా తినడం సగం అయ్యాక పెళ్లికూతురు మా పిల్ల కాదని మా మేనత్తకి తెలిసింది. "తప్పు పందిరోడిది. రెండు ఊళ్లకీ ఒక్కలాంటి పందిరి ఎవడెయ్యమన్నాడు?" అన్నాడు బావ. చెయ్యి కడుక్కుని, ఆ పెళ్లివాళ్లకి అక్షింతలు కూడా వేసి వచ్చాడు.

ఆ బావ నెల్లిమర్ల రోడ్డు వైపు కొత్తగా ఇల్లు కట్టుకున్నాడు. సొంత సిమెంటు, సొంత ఇనుము. ఇంటిచుట్టూ ప్రహరీ గోడ కోటగోడలా లేపాడు. రోడ్డు మీది వాననీరు లోపలికి రాకుండా గేటు దగ్గర సిమెంటు గట్టు ఎత్తుగా పోయించాడు. అక్క ఒక్కటే మాట అంది.

"నీల్లు బయటికి పోడానికి గోడకి కన్నాలెట్టించండి."

"కన్నాలెడితే పాములొస్తాయి," అన్నాడు బావ.

మొదటి వానకే, వీధిలో నీరంతా పోయి పొడిగా ఉంటే మా అక్క వాకిలి చెరువైపోయింది. చెప్పులు తేలుతూ తులసికోట చుట్టూ తిరిగాయి. అక్క బకెట్టుతో నీళ్లు తోడి గేటు మీదనుంచి వీధిలోకి పోస్తుంటే దారినపోయేవాళ్లు ఆగి చూశారు. "వాన ఎక్కువ పడ్డాది," అన్నాడు బావ. మరుసటేడు మునిసిపాలిటీని తిట్టాడు. ఆ పైయేడు వాతావరణమే మారిపోతన్నాదన్నాడు. గోడకి మాత్రం ఉలి తగలనివ్వలేదు.

నా నాటకంలో రాజు నదిగట్టున ఉన్న పట్నాన్ని ఏలుతుంటాడు. నది పొంగి తన జనాన్ని ముంచుతుందని పెద్ద గోడ కట్టిస్తాడు. నీరు పోయే దారి వదలమని పట్నంలో ఆడవాళ్లు బతిమాలతారు. వినడు. నది రానే రాదు. వెనక కొండల మీద కురిసిన వాన లోపలికి దిగి, గోడ వల్ల బయటికి పోలేక, పట్నాన్ని గిన్నెలో నింపినట్టు నింపేస్తుంది. రాజు కొడుకు అందులో పోతాడు. అప్పుడు రాజుకి తెలుస్తుంది. తన చేతులతో గోడ బద్దలుకొట్టి, కిరీటం అక్కడ వదిలేసి ఊరు విడిచి వెళ్లిపోతాడు.

రాయడం అయ్యాక ఫోనులో అక్కకి చదివి వినిపించాను. ఆఖరిదాకా వింది.

"ఒసే, ఇది మా ఇల్లే," అంది చివరికి.

"బావకి కోపం వస్తుందంటావా?"

"ఆయనకి తెలిస్తే కదా రావడానికి. రాజు వేషం ఎవులికిస్తన్నావు?"

"మా పిల్లల్లో అంత గొంతున్నవాడు లేడు."

"మీ బావకే ఇయ్యి," అంది అక్క.

బావ వెంటనే ఒప్పుకున్నాడు. పద్యాలెన్ని ఉన్నాయని అడిగాడు, లేవంటే కాస్త నిరుత్సాహపడ్డాడు. కిరీటం ఉందని తెలిసి తేరుకున్నాడు. తరవాతి ఆదివారం అక్కని వెంటబెట్టుకుని అరసవల్లిలో మా ఇంటికి వచ్చి, హాల్లో కూర్చుని నాటకం మొత్తం చదివాడు. చదివి కళ్లు తుడుచుకున్నాడు.

"ఎంత మంచోడే మరదలా ఆ రాజు. అందరూ కలిసి ముంచేసినారు."

"నచ్చిందా బావా?"

"బాగున్నాది. ఒక్కటే నమ్మకంగా నేదు. నీల్లెలగ పోతాయో సూసుకోకుండా ఎవుడన్నా అలాంటి గోడ కడతాడేటి?"

అక్క గబగబా కాఫీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్లిపోయింది. గ్లాసు కింద పడిన చప్పుడు వినిపించింది.

రాజు దొరికాడు గాని కోరస్ దొరకలేదు. గ్రీకు నాటకంలో కోరస్ అంటే ఊరివాళ్లు. ఒక పక్కన గుంపుగా నిలబడి, జరిగేదంతా చూస్తూ, బాధపడుతూ, రాజుకి మంచీ చెడ్డా చెబుతూ ఉంటారు. మా అమ్మాయిలు చాలామంది పల్లెలనుంచి బస్సుల మీద వస్తారు. సాయంత్రం రిహార్సల్ అంటే ఇంటికి చేరలేరు. కథలో చావు కబురు తెచ్చే దూత వేషానికి మాత్రం ఒకమ్మాయి ఒప్పుకుంది, అదీ బస్సు వేళకి వదిలేస్తానంటే.

మా వీధిలో ఆడవాళ్లు రోజూ సాయంత్రం మా గేటు దగ్గర కూడతారు. ఎవరింటికి ఎవరు వచ్చారు, ఎందుకు వచ్చారు, ఎప్పుడు పోతారు అన్నీ వాళ్లకి తెలుసు. ఒకరి మాట ఒకరు అందుకుంటారు. వాళ్లని చూస్తూ ఉండగానే నాకు తట్టింది. వీళ్లకంటే కోరస్ ఎవరు?

అడిగితే ముందు సిగ్గుపడ్డారు, తరవాత ఎవరూ మానలేదు. వాళ్లలో పెద్దావిడని అందరం పెద్దమ్మ అంటాం. ఏటి పక్కన వరి పొలాలున్న రైతు కుటుంబం. ఇంకొకావిడకి గుడి దగ్గర పూజసామాన్ల కొట్టు ఉంది. కొబ్బరికాయల లెక్క తప్పకుండా రెండు ఫోన్లు మాట్లాడగలదు. మా అక్క కూడా కోరస్‌లో చేరతానంది. "నాకు మాటలొద్దు. సివర్న నిలబడతాను," అంది.

ఆదివారాలు మా డాబా మీద రిహార్సల్. గుడికి వచ్చే జనంతో వీధి నిండా ఆటోలు, వాటి హారన్ల మధ్య మా రాజుగారి గర్జనలు. కోరస్ అందరూ ఒకే గొంతుతో మాట్లాడాలని చెప్పాను. మొదలు ఒక్కసారే పెట్టేవారు గాని ఎవరి వాక్యం వాళ్లు ఎవరి తీరిక ప్రకారం పూర్తి చేసేవారు. అది సర్దుకున్నా ఇంకొకటి సర్దుకోలేదు. కథ ముందే తెలిసినా కోరస్ అడ్డుపడకూడదు అన్న నియమం పెద్దమ్మకి ససేమిరా మింగుడుపడలేదు.

"ఆ గుంటడు సచ్చిపోతాడని మనకి తెలుసు కదమ్మీ?"

"తెలుసు పెద్దమ్మా."

"తెలిసీ ఊరుకోడమేటి? సెప్పీవొచ్చు కదా."

"చెప్తారు. రాజు వినడు."

"రెండోపాలి సెప్తాం."

"రెండోసారీ వినడు."

"అయితే ఆడి పెల్లానికి సెప్తాం."

"ఈ కథలో రాజుకి పెళ్లాం లేదు."

"మరందుకే ఇలగయ్యింది," అంది పెద్దమ్మ, మిగతా కోరస్ మొదటిసారి ఒకే గొంతుతో ఔనంది.

గ్రీకు దేశంలో ఆ రోజుల్లో ఆడవేషాలు కూడా మగవాళ్లే వేసేవారని, కోరస్‌లోనూ అందరూ మగవాళ్లే అని చెప్పాను. కొట్టావిడ ఫోను చెవి దగ్గరనుంచి తీసి, "అందుకేటమ్మా అన్ని సావులు?" అంది.

అసలు ఇబ్బంది వీళ్లతో కాదు, రాజుతో వచ్చింది. బావ అన్నీ బాగా చేసేవాడు. గోడ కట్టించే ఘట్టంలో ఆయన చెయ్యెత్తితే కింద ఆటోలవాళ్లు పైకి చూసేవారు. కొడుకు పోయాడన్న కబురు వినే ఘట్టంలో నిజంగా కన్నీళ్లు పెట్టేవాడు. ఆ తరవాత రాజు అనాల్సిన మాట ఒకటుంది: "తప్పు నాది. నదిది కాదు, వానది కాదు. ఈ గోడ కట్టింది నేను." నాటకమంతా ఆ మాట కోసమే నడుస్తుంది. బావ అక్కడికి రాగానే దగ్గొచ్చేది. లేదంటే దుకాణం నుంచి ఫోనొచ్చేది. లేదంటే, "తరవాత ఆ డైలాగున్నాది కదా, అది ఆ రోజు సూసుకుందాం," అని గోడ బద్దలుకొట్టడానికి వెళ్లిపోయేవాడు.

ఒకనాడు నేను పట్టుబట్టాను.

"బావా, ఆ ఒక్క మాట అని చూపించు."

"'పొరపాటు జరిగింది' అంటే సరిపోతాది కదా?"

"జరగడం కాదు. నువ్వు చేశావు."

"'మన వల్ల పొరపాటు జరిగింది' అందాం."

"మన అంటే ఎవరు?"

బావ ఆలోచించి, "ప్రజలు," అన్నాడు.

అక్క మెట్ల మీద కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. తలెత్తకుండా నాతో అంది: "ఎందుకే బలవంతం? పెల్లయిన కాడ్నుంచి నేనిననేదు, నీకొక్కదానికి ఇనిపిస్తాడేటి?"

వార్షికోత్సవం రోజు సాయంత్రం ఎండ ఇంకా పూర్తిగా తగ్గకముందే హాలు నిండిపోయింది. నేను ఊహించనిది ఒకటి జరిగింది. బావ తన నాటకం చూడమని దుకాణానికి వచ్చేవాళ్లందరికీ చెప్పుకున్నాడు. విజయనగరం నుంచి ఒక వ్యానులో తాపీమేస్త్రీలు, సిమెంటు డీలర్లు, అక్క ఇంటి ఇరుగుపొరుగు అందరూ వచ్చి, మా అధ్యాపకుల కోసం వేసిన ముందు వరసలో కూర్చున్నారు. తెర సందులోంచి చూసి బావ ఛాతీ విరుచుకున్నాడు. అక్క చూసి, "అయ్యబాబోయ్," అని వెనక్కి వచ్చేసింది.

నాటకం బాగా మొదలైంది. తెల్ల దుప్పటి కట్టుకుని, అట్ట కిరీటం పెట్టుకుని బావ వచ్చి నిలబడగానే హాలు సద్దుమణిగింది. ఆ గొంతుకి మైకు అక్కర్లేదు. థర్మోకోల్ ఇటుకలతో పేర్చిన గోడ వేదిక వెనక ఒక చివరనుంచి ఇంకో చివరదాకా ఉంది. నీటికి దారి వదలమని కోరస్ బతిమాలింది. రాజు తోసిపుచ్చాడు. పెద్దమ్మ రెండోసారి చెప్పింది. అది నాటకంలో లేదు, అయినా కథలో కలిసిపోయింది.

గ్రీకు నాటకంలో చావు వేదిక మీద చూపించరు. ఎవరో పరుగెత్తుకొచ్చి చెబుతారు. మా దూత అమ్మాయి నెమ్మదిగా, ఆగి ఆగి చెప్పాలి. బస్సు వేళ దగ్గరపడిందో, భయం వల్లనో, ఊపిరి తీసుకోకుండా చెప్పేసింది. కొండమీంచి నీరు దిగిన సంగతి, వీధులు నిండిన సంగతి, రాజు కొడుకు గోడ దాకా ఈది వచ్చి, గోడకి ఎక్కడా సందు దొరక్క తడుముకుంటూ మునిగిపోయిన సంగతి, అంతా ఒక్క గుక్కలో. చెప్పి ఏడ్చేసింది. మా పిల్లలు కూర్చున్న వరసల్లో ఈలలు, గుసగుసలు అన్నీ ఆగిపోయాయి. బావ మోకాళ్ల మీద కూలబడ్డాడు. మేస్త్రీలలో ఒకాయన తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. నేను తెర పక్కన నిలబడి చూస్తున్నాను. ఇక మా పిల్లలకి ఈ పాఠం మళ్లీ చెప్పనక్కర్లేదు అనుకున్నాను.

ఇప్పుడు కోరస్ ఒక గొంతుతో, "రాజా, ఈ నీరు ఎందుకు నిలిచిపోయింది?" అని అడగాలి. అందరికీ ఏడుపు వస్తోంది, ఎవరూ అడగలేదు. పెద్దమ్మ మూడడుగులు ముందుకు వచ్చి, రాజు భుజం మీద చెయ్యి వేసి, తన మాటల్లో అడిగేసింది.

"నీల్లు పోడానికి గోడకి ఒక్క కన్నమన్నా ఎట్టించనేదేటి బాబూ?"

ముందు వరసలో అక్క పక్కింటాయన ఉలిక్కిపడి, "ఓలమ్మో, ఇది మీ ఇల్లే కదేటి!" అని గట్టిగా అనేశాడు. వ్యానులో వచ్చినవాళ్లందరూ ఒక్కసారిగా గొల్లుమన్నారు.

బావ తలెత్తాడు. ఆ పక్కింటాయన్ని చూశాడు. వెనక్కి తిరిగి థర్మోకోల్ గోడని ఈ చివరనుంచి ఆ చివరదాకా చూశాడు. కోరస్ చివర నిలబడ్డ అక్కని చూశాడు. తరవాత తెర పక్కన ఉన్న నన్ను చూశాడు. తెలిసిరావడం అనే ఘట్టం గురించి నేను ఎన్ని క్లాసులు చెప్పానో. అది ఒక మనిషి ముఖంలోకి రావడం మాత్రం అప్పుడే చూశాను. ముందు కనుబొమలు కదిలాయి. తరవాత మీసం. ఆఖరున చెవులు ఎర్రబడ్డాయి.

లేచి నిలబడి కిరీటం సర్దుకున్నాడు.

"తప్పు..." అన్నాడు. ఆగాడు. హాలంతా ఆగింది.

"తప్పు మంత్రిది!"

"మంత్రెవులు?" అంది కొట్టావిడ.

"ఈ కథలో మంత్రి నేడు బాబూ," అంది పెద్దమ్మ. నియమం ఆవిడ ఎప్పుడో మరిచిపోయింది.

"అయితే మేస్త్రీది!"

మేస్త్రీల వరసలోంచి పెద్దగా అభ్యంతరం వచ్చింది. "మేస్త్రీ నువ్వు సెప్పినట్టే కట్టినాడు," అంది కోరస్, ఒకే గొంతుతో. రిహార్సల్స్‌లో ఒక్కనాడూ అంత బాగా కలవలేదు.

"కన్నాలెడితే పాములొస్తాయి!" అన్నాడు రాజు.

"పాము గేట్లోంచి రాదేటి?" అంది కొట్టావిడ.

నవ్వులతో హాలు దద్దరిల్లిపోయింది. ప్రిన్సిపాల్‌గారు కుర్చీ చేతులు పట్టుకుని నవ్వుతున్నారు. నా ట్రాజెడీ నా కళ్లముందే కొట్టుకుపోతోంది. తెర దించమందామా అనుకున్నాను. కానీ బావ ముఖం చూసి ఆగిపోయాను. ఆయన నవ్వడం లేదు, కోపంగానూ లేడు. చుట్టూ చూస్తున్నాడు, పట్టుకోవడానికి ఇంకొక మనిషి దొరుకుతాడేమోనని. దొరకలేదు.

మెల్లిగా వెళ్లి గోడ ముందున్న మెట్టు మీద కూర్చున్నాడు. ఇది నేను రాయలేదు. కిరీటం తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. అక్క మాత్రం నవ్వలేదు. చేతులు కట్టుకుని చివరన అలాగే నిలబడి ఆయన్నే చూస్తోంది. నవ్వులు కొంచెం కొంచెంగా తగ్గాయి. ఏం జరగబోతోందో చూద్దామని వెనక వరసలవాళ్లు లేచి నిలబడ్డారు.

"తప్పు నాదే," అన్నాడు బావ.

జనం వైపు చూసి అనలేదు, అక్క వైపు చూసి అన్నాడు. దుకాణంలో గాని, ఇంట్లో గాని, వేదిక మీద గాని అంత చిన్న గొంతు ఆయనకి ఉందని నాకు తెలీదు. మెట్టు దగ్గర పెట్టిన మైకు అందుకోబట్టి మాకు వినపడింది.

అక్క ముందుకు ఒంగింది.

"ఇనపడనేదు," అంది.

రాజు వేషాలతో పెరిగిన మనిషి. మళ్లీ చెప్పమంటే కాదనలేడు. లేచాడు, కిరీటం పెట్టుకున్నాడు, గొంతు సవరించుకున్నాడు. నెల్లిమర్ల రోడ్డుదాకా వినపడేంత గొంతుతో అన్నాడు:

"తప్పు నాదే! గోడ కట్టింది నేనే! కన్నాలొద్దన్నది నేనే!"

చప్పట్లు ఆగలేదు. ఎవరో వన్స్‌మోర్ అని అరిచారు. "మూడోపాలి అనను," అన్నాడు బావ, నాటకంలోంచి బయటికి వచ్చి. మళ్లీ లోపలికి వెళ్లి రెండు చేతులతో గోడ మీద పడ్డాడు. థర్మోకోల్ పొడి మంచులా లేచి మీసం మీద, భుజాల మీద అంటుకుంది. అక్క ముక్కు మీద కూడా పడింది. ఆవిడ తుడుచుకోలేదు.

కిరీటం వదిలేసి రాజు ఊరు విడిచి, జనం మధ్యలోంచి నడిచి వెళ్లిపోవాలి. బావ అలాగే బయలుదేరాడు గాని డీలర్లు చెయ్యి కలపడానికి లేచారు, మేస్త్రీలు దండాలు పెట్టారు, ఒకాయన ఫొటో కావాలన్నాడు. రాజుగారి దేశత్యాగం చాలాసేపు పట్టింది. ఆఖరి మాట కోరస్‌ది. రాసినది వాళ్లకి గుర్తులేదు. పెద్దమ్మ మైకు దగ్గరికి వచ్చి, "ఇంకెల్లండమ్మా, బస్సులెల్లిపోతాయి," అంది. మా పిల్లలు నవ్వుకుంటూ, కొందరు ముక్కులు ఎగబీల్చుకుంటూ బయటికి నడిచారు.

ఆ పూట భోజనాలు మా ఇంట్లోనే. కోరస్ అంతా వచ్చింది. బావ ఎవరి ముఖమూ చూడకుండా కూర్చుని పప్పూ, వంకాయ కూరా, మళ్లీ పప్పూ తిన్నాడు. ఎవరూ గోడ మాట ఎత్తలేదు. పెద్దమ్మ మాత్రం ఆయన విస్తట్లో ఇంకో గరిటె నెయ్యి వేసి, "బాగా ఏడిపించావు బాబూ," అంది. ఏ ఏడుపు సంగతి అంటోందో చెప్పలేదు.

మర్నాడు పొద్దున్న కారు ఎక్కుతూ బావ నన్ను పిలిచాడు.

"నిన్న నేనన్నాను సూడు, అది నటన."

"తెలుసు బావా."

లోపల కూర్చున్న అక్క, "బాగా నటించినారు," అంది. బావ దారి అడగకుండా ఆటోల మధ్యలోంచి తప్పు సందులోకి తిప్పాడు, తరవాత వెనక్కి తెచ్చుకున్నాడు.

ఎండాకాలంలో అక్క ఫోను చేసింది. వెనక డ్రిల్లింగ్ మిషను చప్పుడు వినిపిస్తోంది. గోడకి నాలుగు పక్కలా కన్నాలు పొడిచి పైపులు పెట్టిస్తున్నాడట. సిమెంటు కొనేవాళ్లందరికీ, ఇది కొత్త పద్ధతి, నేనే కనిపెట్టాను, మీ గోడలకీ పెట్టించుకోండి అని చెబుతున్నాడట.

"నువ్వేమన్నావు?" అని అడిగాను.

"ఏటంటాను? ఒక పైపు ఎదురు వాలుగా ఎట్టినారు, నీల్లు లోపలికొస్తాయి. అది నేను సెప్పను. మల్లీ నాటకం రాయాల్సొస్తాది."

కాలేజీ తెరిచాక కొత్త బ్యాచి పిల్లలకి నాటకం వీడియో చూపించాను. రాజుగారిని చూడాలని గొడవ చేశారు. పిలిస్తే బావ ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి నా కుర్చీలో కూర్చున్నాడు. ట్రాజిక్ హీరోని ఎదురుగా కూర్చోబెట్టుకుని పిల్లలు రకరకాల ప్రశ్నలు వేశారు. ఒకబ్బాయి లేచి, "సార్, ఆ మాట అన్నప్పుడు మీకేమనిపించింది?" అని అడిగాడు.

నటన అని చెబుతాడనుకున్నాను. బావ కిటికీలోంచి బయటికి చూశాడు.

"అనకముందు బయమేసింది బాబూ," అన్నాడు. "అన్నాక ఆకలేసింది."

పిల్లలు నవ్వారు. ఆయనా నవ్వాడు. తరవాత ఇంకో పిల్ల గోడకి సిమెంటు, ఇసుక ఎంత పాళ్లలో కలపాలి సార్ అని కొంటెగా అడిగింది. దాంతో బావ కుర్చీలోంచి లేచాడు, నా చేతిలో సుద్దముక్క తీసుకున్నాడు, బోర్డు మీద హమార్షియా అని ఉన్నది చెరిపేసి గోడ బొమ్మ వేయడం మొదలుపెట్టాడు. గంట కొట్టినా వదల్లేదు. తరవాతి క్లాసు ఎకనామిక్స్ మాస్టారు గుమ్మంలో నిలబడి ఎదురుచూస్తుంటే, "రండి, మీరూ కూర్చోండి, ఇల్లు కట్టుకునేటప్పుడు పనికొస్తాది," అన్నాడు.